సూర్యారావుపేటలో ఒక ల్యాబ్: రక్తం తీయడం తెలుసు, రిపోర్టు ఇవ్వడం తెలియదు

విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబులకు కొదవ లేదు. వాటిలో ఒక దానివద్ద ఈమధ్య నేను పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ తీసుకున్నాను. ఆ ల్యాబ్ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరుకన్నా అక్కడ జరిగిన పద్ధతి గురించి చెప్పడమే నాకు ముఖ్యం.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. ఉదయం ఆరున్నరకు వస్తామన్నవారు ఆరూ ఇరవైకే మా గుమ్మంలో ఉన్నారు. రక్తం తీసిన అమ్మాయి మొదటి పోటులోనే నరం పట్టుకుంది. నా వయసువాళ్లకు అది చిన్న విషయం కాదు. ప్రతి ట్యూబు మీద బార్‌కోడ్ నా ఎదుటే అంటించి, పేరు, వయసు మరోసారి అడిగి సరిచూసుకుని, ఐసు పెట్టెలో సర్దుకుని వెళ్లింది. షుగరు, థైరాయిడ్, కొవ్వు, మూత్రపిండాల పరీక్షల ఫలితాలు చెప్పిన వేళకే వచ్చాయి. పాత రిపోర్టులతో పోల్చి చూస్తే అంకెలు పొందికగానే ఉన్నాయి.

ప్యాకేజీలో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉన్నదని నాకు తెలియదు. డెబ్బైకి పైగా పరీక్షల పేర్లు చిన్న అక్షరాల్లో అచ్చువేసిన కాగితం మీద ఒక సంతకం తీసుకున్నారు, అంతే. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, మనిషికి విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా ఈ పరీక్ష చేయకూడదు. ఆ సమ్మతిలో పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ కూడా భాగమే. ఆ ఉదయం అటువంటి మాట ఎవరి నోటా రాలేదు.

మరుసటి రోజు సాయంత్రం రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది, అదీ నా ఫోనుకు కాదు, బుకింగ్ చేసిన మా కోడలి ఫోనుకు. అందులో ఒక వరుస మాత్రం ఎర్ర రంగులో ఉంది. ‘హెచ్‌ఐవీ 1, 2: రియాక్టివ్, విలువ 1.64’ అని, దాని పక్కన ‘1.00 దాటితే రియాక్టివ్’ అని. రియాక్టివ్ అంటే రక్తంలో ఏదో కిట్‌కు అంటుకుందని మాత్రమే, జబ్బు ఉందని తేలినట్టు కాదు. ఆ వివరణ ఒక్క ముక్క కూడా లేదు. మా కోడలు నెమ్మదస్తురాలు కాబట్టి ఆ ఫోను ఎవరికీ చూపకుండా తిన్నగా నా చేతిలో పెట్టి, "మామయ్యగారూ, ఇది మీరొక్కరే చూసుకోండి" అని పక్కకు తప్పుకుంది. రిపోర్టు గోప్యంగా ఉంచడం ల్యాబ్ పని. మా ఇంట్లో ఆ పని మా కోడలు చేసింది.

ల్యాబ్‌కు ఫోన్ చేస్తే అవతలి కుర్రవాడు, "యాంటీబాడీలు వచ్చాయి సార్, డాక్టర్ని కలవండి" అని పెట్టేశాడు. నా దగ్గర విషయం విన్న మా బావమరిది, "యాంటీబాడీలు ఉంటే మంచిదే కదా బావా, కోవిడ్‌కు అలాగే చూసుకున్నాం" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఆ రోజుల్లో యాంటీబాడీ సంఖ్య ఎంత ఎక్కువుంటే అంత రక్షణ అని ఊరంతా లెక్కలు వేసుకున్నాం. హెచ్‌ఐవీ విషయంలో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ యాంటీబాడీ వైరస్ వచ్చి వెళ్లిందనడానికి గుర్తు కాదు, అది ఒంట్లో పాతుకుపోయిందనడానికి గుర్తు. అది కూడా నిజంగా హెచ్‌ఐవీకే పుట్టిన యాంటీబాడీ అయినప్పుడు.

అసలు మెలిక ఆ చివరి మాటలోనే ఉంది. మన రక్తంలో ఏ రోగమూ తగలకముందే తిరుగుతుండే యాంటీబాడీలు కొన్ని ఉంటాయి. వాటిని సహజ ప్రతిరక్షకాలు అంటారు. ఓ గ్రూపు రక్తం ఉన్నవారు ఏ, బీ గ్రూపుల రక్తం ఎన్నడూ ఎక్కించుకోకపోయినా ఆ రెండింటికీ వ్యతిరేకమైన యాంటీబాడీలు వారిలో ఉంటాయి. రక్తం ఎక్కించేముందు గ్రూపు సరిచూసేది అందుకే. వీటిలో ఎక్కువ భాగం ఐజీఎం తరగతివి: అయిదు ముక్కలు కలిసి పది చేతులతో పట్టుకునే అణువులు. ఒక్కొక్క చేతి పట్టు బలహీనమే, కాని పదీ కలిస్తే గట్టిది. పైగా ఇవి ఒకే శత్రువును వెతికేవి కావు, కాస్త పోలిక ఉన్న దేనికైనా అంటుకునే స్వభావం గలవి. రోగనిరోధక వ్యవస్థ అసలు సేన కదిలేలోగా ఊరి పొలిమేరలో కాపలా కాసేవి ఇవే. ఇంత మంచి గుణమే పరీక్ష గొట్టంలో చిక్కు తెచ్చిపెట్టగలదు. కిట్‌లోని హెచ్‌ఐవీ ప్రొటీన్‌కు ఇటువంటిది ఒకటి వదులుగా అంటుకున్నా యంత్రం కొద్దిపాటి వెలుగును లెక్కగడుతుంది. నాకు పదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. ఆ జబ్బులో కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనేది మన సొంత యాంటీబాడీలనే పట్టుకునే మరో యాంటీబాడీ. ఇటువంటి పరీక్షలను అది తప్పుదారి పట్టించగలదని వైద్యులకు తెలిసిన విషయమే. ఈ సంగతి ఆ ల్యాబ్ వారు నన్ను అడగనే లేదు.

1.64 అన్న అంకెకు అర్థం కూడా ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది. హెచ్‌ఐవీ ఎప్పటినుంచో ఉన్నవారిలో ఈ విలువ సాధారణంగా 1.00 అన్న గీతకు చాలా దూరంలో, పదులలో వందలలో ఉంటుంది. గీత పక్కనే నిలబడ్డ అంకెకు రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి పొరపాటు అంటుకోలు, రెండోది మరీ కొత్త ఇన్‌ఫెక్షన్. అందుకే మొదటిసారి రియాక్టివ్ వచ్చిన శాంపిల్‌ను మళ్లీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఇంకా రెండుసార్లు నడిపి చూడడం ఇటువంటి కిట్ల వాడుకలో మామూలు పద్ధతి. ఒక చిన్న లెక్క చూడండి. వెయ్యి మందిలో ఒక్కరికే తప్పు చూపే కిట్ ఉందనుకుందాం. ఏ ముప్పూ లేని పదివేల మందికి ఆరోగ్య ప్యాకేజీ పేరిట పరీక్ష చేస్తే, పదిమంది దాకా ఏ జబ్బూ లేకుండానే రిపోర్టులో ఎర్ర వరుస చూస్తారు. కిట్ చెడ్డది కానక్కరలేదు, మొదటి పరీక్షనే తుది మాటగా ఇంటికి పంపడం చెడ్డది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల మన దేశంలో తొలిసారి హెచ్‌ఐవీని గుర్తించినప్పుడు కూడా వేలూరులో వచ్చిన ఎలైజా అనే తొలి పరీక్ష ఫలితంతో ఊరుకోలేదు, అమెరికాలో వెస్టర్న్ బ్లాట్ అనే నిర్ధారణ పరీక్ష చేయించి నిర్ధారించుకున్నారు.

మరుసటి ఉదయం ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి వెళ్లాను. గది చిన్నది, ఫ్యాను ఒకటే, బయట బల్ల మీద చోటు దొరకడానికి ముప్పావు గంట పట్టింది. కాని తలుపు మూసి, ఎదురుగా కూర్చుని, కౌన్సెలర్ ఇరవై నిమిషాలు మాట్లాడారు. మొదటి పరీక్ష రియాక్టివ్ అయితే వేర్వేరు కిట్లతో మరి రెండు చేస్తామనీ, మూడూ కలిసినప్పుడే పాజిటివ్ అంటామనీ, అన్నీ ఉచితమనీ చెప్పారు. నా రక్తం అక్కడ మొదటి పరీక్షలోనే నాన్ రియాక్టివ్ వచ్చింది. అయినా బయటి రిపోర్టు చూసి, "మాస్టారూ, విండో పీరియడ్ మాట ఎందుకు వదలాలి, మూడు నెలలకు మరొక్కసారి రండి" అన్నారు. వైరస్ సోకినా పరీక్షకు ఇంకా చిక్కని తొలి రోజులే విండో పీరియడ్. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు అది పట్టుబడడానికి 23 నుంచి 90 రోజులు, పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా చూసే నాలుగో తరం పరీక్షకు నరం నుంచి తీసిన రక్తంతో అయితే 18 నుంచి 45 రోజులు పట్టవచ్చు. మూడు నెలల తరువాత కూడా ఫలితం మారలేదు.

ఈ మధ్యలో కౌన్సెలర్‌ను నేనొక పిల్లచేష్ట ప్రశ్న అడిగాను: ఏ రోగమూ తగలకముందే కాపలా కాసే యాంటీబాడీలు ఉన్నప్పుడు ఈ వైరస్‌ను అవెందుకు ఆపవు? ఆమె నవ్వి ఊరుకున్నారు. జవాబు నేనే వెతుక్కున్నాను, కొంత పక్కదారే అయినా రాస్తున్నాను. వైరస్ పైనుండే జీపీ120 ప్రొటీన్ బరువులో సుమారు సగం చక్కెరలే. వాటిని తయారుచేసేది మన కణమే కాబట్టి అవి పరాయివిగా కనబడవు. మన చొక్కా తొడుక్కుని వచ్చిన దొంగను కాపలావాడు ఎలా పట్టుకుంటాడు? వైరస్ చేరిన కొద్ది వారాల్లో మొదట పుట్టే యాంటీబాడీలు జీపీ41 అనే మరో భాగాన్ని పట్టుకుంటాయి, కాని వైరస్‌ను ఆపలేవు. నెలల తరువాత ఆపగలిగేవి వచ్చేసరికి వైరస్ రూపు మార్చుకుంటుంది. అనేక రకాలను ఒకేసారి అడ్డుకునే యాంటీబాడీలు కొద్దిమందిలో మాత్రమే, అదీ కొన్నేళ్లకు పుడతాయి. 2010లో వెలుగులోకి వచ్చిన వీఆర్‌సీ01 అటువంటిదే. ఈ తరహా యాంటీబాడీలలో 2ఎఫ్5, 4ఈ10 వంటివి మన ఒంట్లోని కొవ్వు పదార్థాలకు కూడా అంటుకుంటాయి. సొంతదానిపై తిరగబడే కణాలను ఏరిపారేసే మన వ్యవస్థ ఇటువంటివాటిని తయారుచేసే కణాలను కూడా ఎదగనివ్వదేమోనని శాస్త్రజ్ఞుల అనుమానం.

ల్యాబ్ మేనేజరును స్వయంగా కలిశాను. మర్యాదగా కూర్చోబెట్టి, శాంపిల్ మళ్లీ నడపలేదని ఒప్పుకుని, ప్యాకేజీ డబ్బు మొత్తం తిరిగి ఇస్తామన్నారు. నేను తీసుకోలేదు; హెచ్‌ఐవీ పరీక్షకు విడిగా సమ్మతి కాగితం, రోగి సొంత ఫోనుకే రిపోర్టు, రియాక్టివ్ వస్తే ఫోనులో చెప్పకుండా పిలిపించి డాక్టరుతో మాట్లాడించడం, ఈ మూడూ మొదలుపెట్టమని రాసిచ్చాను. కాగితం తీసుకుని రసీదు ఇచ్చారు. రెండు నెలల తరువాత థైరాయిడ్ పరీక్షకని వెళ్లినప్పుడు కౌంటరులో అదే పాత కాగితం, అవే చిన్న అక్షరాలు. హెచ్‌ఐవీ అన్న వరుసను పెన్నుతో కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాను. అలా కొట్టేయవచ్చని కౌంటరులోని అమ్మాయికి అప్పుడే తెలిసినట్టుంది. ఆ పరీక్షకు ఎంత తగ్గించాలో కంప్యూటరులో వెతికి, దొరకక, చివరికి మొత్తం డబ్బే తీసుకుంది.