తెరిచి ఉన్న ఇసుక తీరానికి సర్ఫ్, వాతావరణ అంచనా: ఒక సేవపై సమీక్ష

కొండకొమ్ము గానీ రేవుగోడ గానీ అడ్డు లేకుండా నేరుగా సముద్రానికి ఎదురుగా ఉన్న ఇసుక తీరంలో సర్ఫింగ్ చేసేవారికి ముందస్తు అంచనా ఎంతో అవసరం. కానీ అటువంటి తీరానికి సరైన అంచనా ఇవ్వడం చాలా కష్టం. చాలాకాలంగా నేను వాడుతున్న ఒక సర్ఫ్, వాతావరణ అంచనా సేవను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఈ రంగంలోని సేవల్లో చాలావాటికి మూల సమాచారం ఒకటే కావడంతో ఈ మంచిచెడ్డలు మిగిలినవాటికీ వర్తిస్తాయి కాబట్టి దాని పేరు ప్రస్తావించడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. బయటి సముద్రం గురించి ఈ సేవ చెప్పే మాట నమ్మదగినది. ఒడ్డుకు చేరువలోని చివరి కొన్ని వందల మీటర్ల గురించి చెప్పే మాట అంత నమ్మదగినది కాదు. ఈ రెండింటినీ కలిపి, అలలు ఎంత బాగుంటాయో చెప్పే ఒకే నక్షత్రాల వరుసగా చూపడమే దాని అసలు లోపం.

తీరాన్ని ఎంచుకోగానే రాబోయే 7 రోజులకు, మూడేసి గంటలకు ఒక వరుస చొప్పున పట్టిక తెరుచుకుంటుంది. అలల ఎత్తు, ఒక అలకూ మరో అలకూ మధ్య వ్యవధి, అవి వచ్చే దిక్కు, గాలి వేగం, గాలి దిక్కు, ఆటుపోట్ల వేళలు, ఉష్ణోగ్రతలు, వాన సూచన అందులో ఉంటాయి. వీటన్నిటిలో నాకు ఎక్కువగా నచ్చింది, సముద్రంలోని అలలన్నింటినీ ఒకే ఎత్తుగా కలిపేయకుండా, దూరపు తుపానుల నుంచి వచ్చే స్వెల్‌ను, దగ్గరి గాలులు లేపిన పొట్టి అలలను వేర్వేరు వరుసల్లో చూపించడం. తెరిచి ఉన్న తీరానికి ఎన్నో దిక్కుల నుంచి అలలు చేరతాయి కాబట్టి ఈ విభజన లేని పట్టిక అక్కడ దాదాపు పనికిరాదు. ఎత్తు 1.5 మీటర్లు అని మాత్రమే రాసి ఉంటే అది 13 సెకన్ల వ్యవధితో వరుస కట్టి వచ్చే ఒకే స్వెల్ కావచ్చు, 9 సెకన్ల పాత స్వెల్ మీద 5 సెకన్ల గాలి అలలు పడి కలగాపులగమైన నీరూ కావచ్చు. అంకె ఒకటే అయినా బోర్డు మీద నిలబడబోయేవారికి ఆ రెండు రోజులకూ పోలిక ఉండదు.

సేవ తన మూలాలను దాచకుండా చెప్పడం మెచ్చుకోదగిన విషయం. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా నడిపే జీఎఫ్ఎస్ నమూనా (రాబోయే వాతావరణాన్ని కంప్యూటర్‌పై లెక్కించే పద్ధతి), యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ నడిపే నమూనా దీనికి ఆధారాలు. జీఎఫ్ఎస్ రోజుకు 4 సార్లు కొత్తగా లెక్కిస్తుంది; 2021 మార్చి నుంచి ప్రపంచ అలల నమూనా కూడా అందులో భాగమైంది. ఈ లెక్కల వెనుక ఉన్న శాస్త్రం నిన్న మొన్నటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సముద్ర శాస్త్రవేత్తలు హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ రూపొందించిన అలల అంచనా పద్ధతిని 1944లో నార్మండీ తీరంలో సైన్యాలను దించే సందర్భంలో వాడారు. తర్వాత 1963లో మంక్ బృందం, దక్షిణ మహాసముద్రపు తుపానుల్లో పుట్టిన స్వెల్ పసిఫిక్‌ను అడ్డంగా దాటి అలాస్కా వరకు వెళ్లడాన్ని వరుసగా ఏర్పాటు చేసిన కొలత కేంద్రాలతో గమనించింది. తుపాను ప్రాంతాన్ని దాటిన తర్వాత పొడవాటి స్వెల్ తన శక్తిని చాలా తక్కువగానే కోల్పోతుందని ఆ పరిశోధన చూపింది.

అందుకే ఈ పట్టికలో స్వెల్ రాకను గురించిన భాగం అంత బలంగా ఉంటుంది. లోతైన నీటిలో స్వెల్ సమూహం ప్రయాణించే వేగం దాని వ్యవధిని బట్టి ఉంటుంది: 18 సెకన్ల స్వెల్ గంటకు సుమారు 50 కిలోమీటర్లు వెళితే, 12 సెకన్ల స్వెల్ సుమారు 34 కిలోమీటర్లు వెళుతుంది. తుపాను 3000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటిది దాదాపు 60 గంటల్లోనూ, రెండోది దాదాపు 90 గంటల్లోనూ ఒడ్డు చేరుతుంది. కాబట్టి ముందుగా ఎత్తు తక్కువ, వ్యవధి ఎక్కువ ఉన్న అలలు వస్తాయి. ఆ తర్వాత ఎత్తు పెరుగుతూ వ్యవధి తగ్గుతుంది. పట్టికలో ఈ క్రమం కనిపించినప్పుడు దానిని నమ్మవచ్చు, ఎందుకంటే ఆ స్వెల్‌ను పుట్టించిన గాలి అప్పటికే వీచి ఉంటుంది. ఇక లెక్కించవలసింది ప్రయాణాన్ని మాత్రమే. అదే పట్టికలో ఏడో రోజు కనిపించే స్వెల్ చాలాసార్లు ఇంకా పుట్టని తుపానుది. నాలుగో రోజు స్వెల్ కంటే రెండో రోజు స్థానిక గాలి ఎక్కువ అనిశ్చితమైనదని చెప్పినా తప్పు కాదు. అయినా సేవ అన్ని గడులకూ ఒకే రంగు, ఒకే అక్షరం, ఒకే ధీమా ఇస్తుంది. ఏ అంకె వెనుక జరిగిపోయిన తుపాను ఉందో, ఏ అంకె వెనుక ఊహ మాత్రమే ఉందో చెప్పే ఒక చిన్న గుర్తు ఉంటే దీని విలువ రెట్టింపయ్యేది.

వ్యవధిని ఎత్తు పక్కనే, అదే పరిమాణంలో ముద్రించడం మంచి నిర్ణయం. కొత్తవారు ఎత్తును మాత్రమే చూసి సముద్రానికి వెళతారు. ఒకే ఎత్తు ఉన్న రెండు స్వెల్‌లలో వ్యవధి రెట్టింపు ఉన్నది తీరానికి మోసుకొచ్చే శక్తి కూడా దాదాపు రెట్టింపు ఉంటుంది. 7 సెకన్ల అల సుమారు 38 మీటర్ల లోతు దగ్గర అడుగును తాకడం మొదలుపెడితే, 14 సెకన్ల అల 150 మీటర్ల లోతు నుంచే అడుగును గుర్తించి, దాని ప్రకారం వంగుతూ, ఒడ్డు దగ్గర లేచి నిలబడుతుంది. బయట 1 మీటరు అని కనిపించిన పొడవాటి స్వెల్ విరిగేటప్పుడు అంతకంటే స్పష్టంగా ఎత్తుగా ఉండడానికి కారణం ఇదే. ఈ సేవ బయటి సముద్రపు ఎత్తును, ఒడ్డు దగ్గర విరిగే ఎత్తును రెండు వేర్వేరు అంకెలుగా ఇస్తుంది. కానీ రెండో అంకె చాలా సాధారణీకరించిన అడుగు ఆకారం మీద లెక్కించినది కాబట్టి దానిని ఒక అంచనాగా మాత్రమే తీసుకోవాలి.

ఇక నక్షత్రాల సంగతి. ప్రతి మూడు గంటలకూ 5 నక్షత్రాలలో ఎన్ని అన్నది సేవ ముందు వరుసలోనే చూపిస్తుంది, చాలామంది చూసేది కూడా దానినే. పెద్ద ఎత్తు, పెద్ద వ్యవధి, తక్కువ గాలి కలిస్తే నక్షత్రాలు నిండుతాయి. రాతి అడుగు ఉన్న చోటికో, సముద్రంలోకి పొడుచుకువచ్చిన భూభాగం చుట్టూ అల వంగే చోటికో ఈ సూత్రం సరిపోతుందేమో గానీ, తెరిచి ఉన్న ఇసుక తీరానికి సరిపోదు. 16 సెకన్ల స్వెల్ పొడవాటి గీతలుగా, ఒడ్డుకు సమాంతరంగా వచ్చి, తిన్నగా పరుచుకున్న ఇసుక మేట మీద పడితే, అల ఒక చివర నుంచి మరో చివరకు క్రమంగా విరగదు. మొత్తం గోడ ఒకేసారి కూలుతుంది. సర్ఫర్లు క్లోజ్ అవుట్ అనే ఆ స్థితిలో బోర్డును పక్కకు నడిపే అవకాశమే ఉండదు. అదే తీరంలో 9, 11 సెకన్ల వ్యవధితో రెండు స్వెల్‌లు కొంచెం వేర్వేరు కోణాల్లో వచ్చి ఒకదానిని ఒకటి దాటుతుంటే, అవి కలిసిన చోట్ల విడివిడి శిఖరాలు లేచి, ఎడమకూ కుడికీ చక్కగా విరిగే పొట్టి అలలు దొరుకుతాయి. సేవ మొదటి రోజుకు నాలుగు నక్షత్రాలు, రెండో రోజుకు రెండు ఇస్తుంది. ఇసుక తీరాన్ని ఎరిగినవారు మాత్రం రెండో రోజునే ఎంచుకుంటారు. ఈ ఒక్క కారణంగానే నేను ఈ నక్షత్రాలకు ఏ విలువా ఇవ్వను; వాటిని తీసివేసే సదుపాయం ఉంటే మొదట దానినే నొక్కేవాడిని.

నమూనాకు అందని మరో విషయం ఇసుక. పెద్ద తుపాను అలలు ఒడ్డు దగ్గరి ఇసుకను కోసి సముద్రం వైపు మేటలుగా వేస్తాయి. ప్రశాంతమైన వారాల్లో ఆ ఇసుక మెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుతుంది. అందువల్ల ఒకే స్వెల్, ఒకే గాలి, ఒకే పోటు ఉన్నా కొన్ని వారాల తేడాతో అదే తీరం పూర్తిగా వేరే రకం అలలు ఇవ్వగలదు. ఈ మార్పును ఏ పట్టికా చూపలేదు, కాబట్టి దీనిని సేవ తప్పుగా లెక్కపెట్టను. కానీ ఆటుపోట్ల విషయంలో మాత్రం సేవ ఇంకా బాగా చేయగలదు. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతు దగ్గర విరుగుతుంది, 1.5 మీటర్ల అలకు అది దాదాపు 2 మీటర్లు. నీటిమట్టం ఒక మీటరు పెరిగితే అదే అల బయటి మేటను దాటి వచ్చి ఒడ్డు అంచున దబ్బున పడవచ్చు, ఒక మీటరు తగ్గితే మేట మీద మరీ పలచని నీటిలో కూలవచ్చు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కాబట్టి అనుకూలమైన వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆటుపోట్ల గీతను సేవ పేజీ చివరన, పట్టికకు దూరంగా పెట్టింది. దానిని అలల వరుస కిందనే, అదే కాలమానంతో పెట్టి ఉంటే వాడేవారు తరచూ పైకీ కిందకీ జరపవలసిన అవసరం ఉండేది కాదు.

గాలి విషయంలో నా అసంతృప్తి ఇంకొంచెం ఎక్కువ. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే మెల్లని గాలి అల ముఖాన్ని నిలబెట్టి నునుపు చేస్తుంది. సముద్రం నుంచి ఒడ్డుకు వీచే గాలి దానిని చితకగొడుతుంది. అడ్డు ఏదీ లేని తీరంలో ఈ తేడా గంటలోనే రావచ్చు. రాత్రంతా చల్లబడిన నేల మీది నుంచి వీచే గాలి తెల్లవారుజామున అలలను శుభ్రంగా ఉంచుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే సముద్రపు గాలి మొదలవుతుంది. ప్రపంచ నమూనాలు లెక్క కోసం భూమిని విభజించే ఒక్కో గడి పక్క 9 నుంచి 13 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి తీరప్రాంతంలో ఒకే గడిలో సగం నేల, సగం నీరు పడుతుంది, ఈ గాలి మార్పు అందులో మొద్దుబారిపోతుంది. దానికి తోడు మూడు గంటల వరుసల వల్ల ఆ అనుకూలమైన వేళ రెండు అంకెల మధ్య జారిపోతుంది. డబ్బు కట్టినవారికి సేవ సన్నని గడి ఉన్న ప్రాంతీయ నమూనా గాలిని గంట గంటకూ చూపుతుంది. ఉచితంగా ఇచ్చే దానికీ దీనికీ ఉన్న తేడా నిజమైనది. చందా కట్టడానికి కారణం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. మరొక చిన్న ఇబ్బంది ఉంది: గాలికి అక్షరాల్లో అది వచ్చే దిక్కును రాసి, బాణాన్ని మాత్రం అది వెళ్లే వైపు చూపించారు. రెండూ సరైనవే, కానీ కొత్తవారు తికమకపడతారు.

భద్రత గురించిన భాగం పలచగా ఉండడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. పట్టికలోని ఎత్తు అన్ని అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. గంటల తరబడి నీటిలో ఉన్నవారికి దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా ఎదురుకావచ్చు. ఈ వివరణ సేవలో ఉంది గానీ సహాయం పేజీలో ఎక్కడో లోపల ఉంది. తెరిచి ఉన్న తీరంలో అలలు మేటల మీదుగా తోసిన నీరు మేటల మధ్య సందుల నుంచి వేగంగా బయటికి పోతుంది. ఈ రిప్ కరెంట్ ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లకు పైగా వేగం అందుకుంటుంది, అంత వేగానికి ఎదురీదడం ఎవరివల్లా కాదు. నీటిపై తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా జరిగి, ప్రవాహం నుంచి బయటపడాలి. ఎత్తు, వ్యవధి, దిక్కు, ఆటుపోట్ల స్థితి అన్నీ ఆ పట్టికలోనే ఉన్నాయి కాబట్టి రిప్ కరెంట్ ప్రమాద స్థాయిని సూచించే ఒక వరుస చేర్చడం వీరికి కష్టమైన పని కాదు. నక్షత్రాలు నిండిన రోజే చాలాసార్లు ఈ ప్రమాదం కూడా ఎక్కువగా ఉంటుంది. ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా నక్షత్రాలను మాత్రమే వెలిగించడం కొత్తవారిని ఆపదలోకి పిలవడమే. ఉరుముల సూచన ఇచ్చినప్పుడు, చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాల వరకు నీటిలోకి దిగకూడదన్న నియమాన్ని కూడా అక్కడే రాయవచ్చు.

తీరం వైపు తిప్పి పెట్టిన కెమెరా, సముద్రంలో తేలుతూ అలలను కొలిచే పరికరమైన బోయా కొలతలు ఈ సేవలో ఉన్న మిగిలిన రెండు ముఖ్యమైన సదుపాయాలు. కెమెరా బాగుంది, చీకటి విడవగానే స్పష్టమైన చిత్రం ఇస్తుంది; మేటలు ఎక్కడ ఉన్నాయో, అల ఎటు విరుగుతోందో చూడడానికి దానికి మించిన సాధనం లేదు. బోయా మాత్రం ఇంకా విలువైనది, ఎందుకంటే నమూనా చెప్పిన ఎత్తు, వ్యవధి నిజంగా వచ్చాయా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఉదయం బోయా 12 సెకన్లు చూపిస్తూ పట్టిక 15 అంటుంటే, స్వెల్ ముందు భాగం దాటిపోయి ఉండవచ్చు లేదా ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. గత కొన్ని గంటల కొలతలు పక్కన ఉంటే అది ఏదో వెంటనే అర్థమవుతుంది. ప్రస్తుతం సేవ చివరి కొలతను మాత్రమే చూపి, పాతవాటిని వేరే పేజీకి పంపుతోంది. పట్టికను ఏ సమయపు నమూనా లెక్కతో తయారు చేశారో కూడా ఎక్కడా రాయలేదు. రోజుకు నాలుగు సార్లు మారే లెక్కల్లో ఇప్పుడు చూస్తున్నది తాజాదో, పన్నెండు గంటల క్రితందో తెలియాలంటే పట్టిక పైన ఆ ఒక్క సమయాన్ని ముద్రిస్తే చాలు.