అద్దె వాటాలకు కరెంటు: విడి సర్వీసా, సబ్ మీటరా, ప్రీపెయిడ్ మీటరా?

ఇంటిని రెండు మూడు వాటాలు చేసి అద్దెకిచ్చేవారు ఈమధ్య ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందుగా అడుగుతున్నది ప్రీపెయిడ్ మీటరు గురించే. నెలనెలా బిల్లు అడిగే పని ఉండదు. బకాయి పెట్టి ఖాళీ చేస్తారన్న బెంగా ఉండదు. డబ్బులు అయిపోతే కరెంటు దానంతటదే పోతుంది. ఓనరుకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ అది తీర్చేది వసూలు తలనొప్పిని మాత్రమే. అద్దె ఇళ్లలో అసలు గొడవ వాడకం పెరిగేకొద్దీ రేటు పెంచే స్లాబులది, దాన్ని ఏ ప్రీపెయిడ్ మీటరూ తీర్చలేదు.

హైదరాబాద్‌లో మూడు వాటాల ఇల్లు ఒకటి తీసుకుందాం. ఒక్కో వాటా నెలకు 150 యూనిట్లు వాడుతుంది, మొత్తానికి డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) మీటరు ఒకటే. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: తొలి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపై వందకు 7.70, తర్వాతి వందకు 9 రూపాయలు, అదీ దాటితే 9.50. ఆ లెక్కన 450 యూనిట్లకు 3,165 రూపాయలు. అదే మూడు వాటాలకూ మూడు సర్వీసులు, అంటే డిస్కం నుంచి విడివిడి కనెక్షన్లు ఉంటే, ఒక్కోదానికి తొలి వంద యూనిట్లు 3.40 చొప్పున, మిగతా యాభై 4.80 చొప్పున 580 రూపాయలే. మూడూ కలిపితే 1,740. స్థిర ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు విడివిడిగా పడతాయి కాబట్టి తేడాలో కొంత అటు పోతుంది. అయినా నెలకు వెయ్యికి పైనే మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్లాబులు వేరు, 30 యూనిట్లకు 1.90తో మొదలై 400 దాటాక 9.75 దాకా వెళతాయి. అక్కడా ఈ 450 యూనిట్లకు ఒకే మీటరైతే 3,036, మూడు మీటర్లయితే 1,701. ఇంధన సర్దుబాటు ఛార్జీల వంటివి వీటికి అదనం.

తెలంగాణలో దీనికి తోడు గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి ఆహార భద్రత కార్డు ఉన్న అర్హులకు నెలకు 200 యూనిట్లలోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది, అద్దెకు ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. పైన చెప్పిన ఇంట్లో మూడు కుటుంబాలకూ కార్డులున్నా, ఒకే సర్వీసు కింద 450 యూనిట్లు తిరిగితే ఎవరికీ దమ్మిడీ లాభం లేదు. ఆ ఇంట్లో ఎంత ఖరీదైన ప్రీపెయిడ్ మీటరు బిగించినా, సున్నా కావలసిన బిల్లును వెయ్యి రూపాయల చొప్పున ముందుగా కట్టించుకోవడమే అవుతుంది.

అందుకే కుటుంబాలకు అద్దెకిచ్చే వాటాలకు నా మొదటి ఓటు విడి సర్వీసుకే. ఒకే ఇంటికి ఇన్ని మీటర్లు ఇస్తారా అని చాలామంది సందేహిస్తారు. డిస్కం నిబంధనల్లో గృహ వినియోగానికి కొలబద్ద వంటగది: వేరే వంటగది ఉన్న కాపురాన్ని వేరే వినియోగదారుగా లెక్కిస్తారు. మూడు పొయ్యిలు వెలిగే ఇంటికి మూడు మీటర్లు అడగడం తప్పేమీ కాదు. ఒకే కాపురం ఉంటూ బిల్లు తగ్గించుకోవడానికి రెండు మీటర్లు పెట్టుకుంటే మాత్రం రెండింటినీ కలిపేస్తారు, అది న్యాయమే.

ఓనరు ఒప్పుకోకపోతే? 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ యజమానికే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారికీ కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న ఒక్క కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించరాదని, దరఖాస్తు పెట్టినవారు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే చూడాలని 2022 మేలో దిలీప్, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త స్తంభాలు, లైన్లు అక్కర్లేని చోట మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర పట్టణాల్లో 7, గ్రామాల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. హక్కుంది కదా అని ఓనరుతో తగవు పెట్టుకుని ఆ ఇంట్లో ఎంతకాలం ఉండగలం అన్నది వేరే ప్రశ్న. ఓనరు పేరుతోనే విడి సర్వీసు తీసుకుని, అద్దెదారు సర్వీసు నంబరు మీద ఫోన్లో బిల్లు కట్టుకుపోవడం ఇద్దరికీ సుఖం. బకాయి ఉందో లేదో ఓనరూ ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు, ఒక నెల ఎగ్గొట్టినా అడ్వాన్సు చేతిలోనే ఉంటుంది.

విడి సర్వీసు అన్నిచోట్లా కుదరదన్నదీ నిజమే. అనుమతి లేకుండా డాబా మీద వేసిన గది, వంటగది లేని ఒంటి గది, అదనపు లోడు మోయలేని పాత సర్వీసు వైరు లాంటి ఇబ్బందులు ఉంటాయి. డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్, వైరింగ్ మార్పు ఖర్చు కూడా ఓనరును వెనక్కి లాగుతాయి. అలాంటి చోట, డిస్కం మీటరు తర్వాత ఒక్కో వాటాకు ఓనరే పెట్టించే సబ్ మీటరు దిగుతుంది.

సబ్ మీటరు చవక, పదేళ్లయినా అడిగేది ఏమీ ఉండదు. తగవంతా లెక్క దగ్గరే వస్తుంది. యూనిట్‌కు పది రూపాయలు అని నోటికొచ్చిన రేటు చెప్పే ఓనర్లకు కొదవ లేదు. పై ఉదాహరణలో 3,165ను 450తో భాగిస్తే యూనిట్‌కు పడేది 7 రూపాయల 3 పైసలు. అసలు బిల్లు గోడకు అంటించి, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి ఎవరి వాటా వారికి పంచడమే సరైన పద్ధతి. అంతకు మించి వేసుకుంటే అది ఖర్చు పంచుకోవడం కాదు, కరెంటు అమ్మకం. లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చేయడాన్ని చట్టం ఒప్పుకోదు.

ఏ మీటరైనా బిగించిన రోజే పరీక్షించాలి, దీనికి ఎలక్ట్రీషియన్ కూడా అక్కర్లేదు. మీటరు ముఖం మీద చిన్న ఎర్ర దీపం, పక్కన 3200 లాంటి అంకె ఉంటాయి. ఒక యూనిట్‌కు ఆ దీపం అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. వాటాలో అన్నీ ఆపేసి, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి, అది వేడెక్కుతున్న మొదటి నిమిషంలో దీపాన్ని లెక్కపెట్టండి. అంకె 3200 అయితే 53 సార్లకు అటూ ఇటుగా వెలగాలి. ఎనభై వెలిగితే మీటరు పరుగెడుతోందన్న మాట. తర్వాత ఇస్త్రీపెట్టె కూడా తీసేసి చూడండి. అప్పటికీ దీపం కొట్టుకుంటుంటే పక్క వాటా గీజరో, మెట్ల లైటో, బోరు మోటారో మీ మీటరు మీద తిరుగుతోంది. కొన్ని పాత ఇళ్లలో వాటాలన్నిటికీ న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఒకటే లాగి ఉంటారు, అక్కడ ఏ మీటరూ నిజం చెప్పదు. మోటారుకు, మెట్ల లైట్లకు ఒక విడి మీటరు పెట్టి ఆ యూనిట్లను సమానంగా పంచితే అద్దె ఇళ్ల కరెంటు తగవుల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ఇక ప్రీపెయిడ్. వీటిలో రెండు రకాలు. ఒకటి డబ్బు కడితే వచ్చే 20 అంకెల టోకెన్‌ను మీటలు నొక్కి ఎక్కించేది, రెండోది ఫోన్ యాప్‌తో నడిచేది. రెండింటిలోనూ యూనిట్‌కు ఒకటే రేటు పెట్టుకునే చోట చిక్కు వస్తుంది. డిస్కం బిల్లు నెలనెలా మారుతుంది. అదే ఇంట్లో చలికాలం 300 యూనిట్లు తిరిగితే సగటు 5.97, ఎండాకాలం 600 తిరిగితే 7.65. మీటరులో 8 రూపాయలు పెడితే చలికాలం ఓనరు నెలకు ఆరు వందలు అదనంగా తీసుకున్నట్లు, 7 పెడితే ఎండాకాలం దాదాపు నాలుగు వందలు చేతి నుంచి పెట్టుకున్నట్లు. నెలనెలా రేటు సరిచేసే ఓపిక ఉన్నవారికి ప్రీపెయిడ్‌తో పనేముంది?

రెండో సంగతి, కరెంటు పోయే తీరు. పోస్ట్‌పెయిడ్ బిల్లు కట్టకపోతే 56వ సెక్షన్ ప్రకారం డిస్కం అయినా 15 రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఓనరు పెట్టిన పెట్టె అర్ధరాత్రి రెండు గంటలకు ఏ నోటీసూ లేకుండా ఆపేస్తుంది. ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా, ఆక్సిజన్ యంత్రం మీద ఎవరైనా ఉన్నారా అన్నది దానికి పట్టదు. అద్దెదారుకు కరెంటు, నీళ్లు ఆపి వేధించడం అద్దె చట్టాలకు విరుద్ధం. అద్దె ఆలస్యమైందని యాప్‌లో కరెంటు ఆపేసే ఓనరు ఆ గీత దాటినట్టే.

మూడోది, అమ్మినవాడి మీద ఆధారపడటం. టోకెన్ మీటర్ల పద్ధతి దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1993 జనవరి 1 నుంచి నిమిషాలు లెక్కపెట్టే ఆ టోకెన్ల గడియారం నిండిపోయి, 2024 నవంబర్ 24 తర్వాత కీ (లోపలి రహస్య కోడు) మార్చని మీటర్లు కొత్త టోకెన్లు తీసుకోలేదు. అక్కడ లక్షల మీటర్లున్నాయి, వ్యవస్థ ముందే కదిలింది. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్న యాప్ మీటరు సర్వర్ మూతపడితే ఎవరిని అడుగుతాం? కొనాలనుకుంటే ఐఎస్ 15884 గుర్తు ఉందో లేదో చూడండి, ప్రీపెయిడ్ మీటర్లకు ఉన్న భారతీయ ప్రమాణం అదే.

అయినా దీనికీ ఒక చోటుంది. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో నెలకొకరు మారే ఏసీ గదులకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తోచడం లేదు. గదికి విడి సర్వీసు ఎలాగూ రాదు, ఇద్దరు ముగ్గురు ఉండే గదిలో ఏసీ ఎంతసేపు నడిచిందో రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. ఫ్యాను, లైటు మామూలు లైను మీదే ఉంచి, ఏసీని మాత్రం ప్రీపెయిడ్ మీద పెడితే డబ్బులు అయిపోయినా ఎవరూ చీకట్లో పడరు. జనరేటరు కరెంటుకు అపార్ట్‌మెంట్లలో ప్రీపెయిడ్ పెట్టడమూ సబబే.

ఓనరు పట్టుబట్టి కుటుంబం ఉండే వాటాకు అదే బిగిస్తానంటే, అద్దె ఒప్పందంలో మూడు వాక్యాలు రాయించుకోండి. యూనిట్ రేటు ఆ నెల డిస్కం బిల్లు సగటును మించకూడదు. రాత్రి పూట, సెలవు రోజుల్లో కరెంటు ఆగకుండా మీటరును అమర్చాలి. ఖాళీ చేసే రోజు మిగిలిన బ్యాలెన్సును అడ్వాన్సుతో పాటు తిరిగివ్వాలి.