నాలుగేళ్ల రిలే కిట్టు, ఒక్క ఫ్యూజ్ హోల్డర్

కారు హెడ్‌లైట్లకు రిలే వైరింగ్ కిట్టు (బ్యాటరీ కరెంటును లావు తీగల్లో నేరుగా బల్బులకు పంపే రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, వాటి తీగలు) వేయించి ఈ దీపావళికి నాలుగేళ్లు నిండుతాయి. మొదటి రెండేళ్లూ కనిపించిన ప్రతివాళ్లకీ వేయించుకోమని చెప్పాను. ఇప్పుడూ చెబుతాను. కాకపోతే ముందు దాని ఫ్యూజ్ హోల్డర్, అదే ఫ్యూజ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గూడు, సంగతి చెప్పి, ఆ తర్వాతే మిగతాది.

మేం ఉండేది ఒడిశాలోని జయపురంలో, అమ్మావాళ్లు విజయనగరంలో. నెలకు రెండుసార్లైనా కొరాపుట్, పొట్టంగి దాటి, సుంకి ఘాటీ (కొండదారి) దిగి, సాలూరు మీదుగా వెళ్లి రావాలి. షాపు కట్టేశాక బయల్దేరతాం కాబట్టి ఘాటీ ఎప్పుడూ చీకట్లోనే తగులుతుంది. మాది పాత చిన్న కారు. దాని లైట్లు చిమ్నీ దీపంలా ఉండేవి. మొదట ఇక్కడి మెకానిక్ 100/90 వాట్ల (బ్రైట్‌కు 100, డిమ్ముకు 90) బల్బులు పెట్టాడు. పాత తీగలకు బరువు కాదా అంటే "కిచ్ఛి హెబని", ఏమీ కాదు అన్నాడు. మూడు నెలలకే బల్బు వెనక సాకెట్ గోధుమ రంగుకు తిరిగింది, బానెట్ ఎత్తితే కాలిన ప్లాస్టిక్ వాసన. ఎదురొచ్చే లారీలవాళ్లు డిప్పర్ కొట్టి తిట్టడం సరేసరి.

విజయనగరంలో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, బల్బు జోలికి పోకుండా మల్టీమీటర్ తీశాడు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, బల్బు పిన్నుల దగ్గర 12.3. మిగతా 1.8 దారిలోనే పోతోంది: సన్నటి తీగల్లో, స్టీరింగ్ దగ్గరి స్విచ్‌లో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టులో. "ఇంతేనా" అన్నాను. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు ఇంచుమించు ముప్పై శాతం పడిపోతుందట. బల్బులు మళ్లీ కంపెనీ లెక్క ప్రకారం 60/55వే పెట్టి రిలే కిట్టు బిగించాడు. కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగల్లో నేరుగా బల్బుకు వెళ్తుంది, స్టీరింగ్ స్విచ్ రిలేకు సైగ మాత్రం చేస్తుంది. మళ్లీ మీటర్ పెడితే బల్బు దగ్గర 13.7. ఆ రాత్రి ఘాటీ ఎక్కుతుంటే మలుపుల్లో సున్నం కొట్టిన రాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. కంపెనీ లెక్క బల్బులే, అదే కారు! ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇక ఆ హోల్డర్. మూడో ఏడు శ్రావణమాసంలో విజయనగరంలో పెళ్లి చూసుకుని తిరిగి వస్తున్నాం, నేనూ మా ఆవిడా బావమరిదీ. జోరు వాన. సుంకి దాటకముందే లైట్లు రెండుసార్లు మిణుకుమన్నాయి. మూడోసారి ఒక మలుపులో రెండూ ఒకేసారి పోయాయి. హై బీమ్ వేశాను, అదీ లేదు. "బావా, ఎడమకి కొండే ఉంది, ఎడమకే తియ్యి" అని వాడు అరుస్తుంటే, హజార్డ్ లైట్లు వేసి కొండ పక్కకు ఆనించి ఆపాను. వెనక లారీ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

సెల్‌ఫోన్ వెలుగులో చూస్తే ఫ్యూజ్ పోలేదు. లోపలి తీగ చెక్కుచెదరలేదు. పోయింది హోల్డర్. దాన్ని మూతి పైకి ఉండేలా బ్యాటరీ పక్కన కట్టారు. రెండు వానాకాలాల నీళ్లు అందులోకి దిగి, ఫ్యూజ్ కాళ్లు పచ్చగా చిలుము పట్టాయి. పట్టు వదులై, అక్కడే వేడి పుట్టి, ప్లాస్టిక్ మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోయింది. ముట్టుకుంటే వేలు చుర్రుమంది. నాకు అప్పటిదాకా తెలియని విషయం ఇది: కరెంటు హద్దు మీరితేనే ఫ్యూజ్ తెగుతుంది. కాంటాక్టు వదులై వేడెక్కుతుంటే అది చూస్తూ ఊరుకుంటుంది. పైగా కిట్టు మొత్తానికీ ఒకటే ఫ్యూజ్ కావడంతో డిమ్మూ బ్రైటూ కలిసే పోయాయి.

మమ్మల్ని ఇంటికి చేర్చిందీ ఆ పెద్దాయన పనితనమే. ఆయన కారు తీగ ఒక్కటీ కోయలేదు. ఒక పక్క పాత సాకెట్‌ను కిట్టుకు తగిలించి, రెండోదానికి టేపు చుట్టి కట్టేశాడు. కిట్టు ప్లగ్గులు పీకి రెండు పాత సాకెట్లూ బల్బులకు గుచ్చగానే పాత మసక వెలుగు వచ్చింది. బావమరిది గొడుగు పట్టుకుంటే పది నిమిషాల పని. తీగలు కోసి అతికే మెకానిక్ చేతిలో పడి ఉంటే తెల్లారేదాకా అక్కడే.

తర్వాత ఆయన దగ్గరే మార్పించాను. డిమ్ము రిలేకు ఒకటి, బ్రైట్ రిలేకు ఒకటి, 15 ఆంపియర్ల ఫ్యూజులు, రబ్బరు మూత ఉన్న హోల్డర్లలో, మూతి కిందికి, బ్యాటరీకి జానెడు దూరంలోపే. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. కిట్టుతో వచ్చిన తీగ కోసి చూస్తే పైన రబ్బరే లావు, లోపల రాగి సన్నం. దాని బదులు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాం. ఎర్త్‌ను పెయింటు గీకి బాడీకి బిగించడమే కాక, బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంకో తీగ లాగాం. ఇవన్నీ బ్యాటరీ నెగెటివ్ విప్పాకే. బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకుండా గుడ్డతో పట్టుకున్నాం, చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. చివర్లో ఫోకస్: ఐదు మీటర్ల దూరంలో గోడకెదురుగా కారు పెట్టి, డిమ్ము గీత లైటు మధ్యభాగం కంటే ఐదు సెంటీమీటర్లు కిందికి ఉండేలా తిప్పాం. ఆ తర్వాత లారీలవాళ్లు నాకు డిప్పర్ కొట్టలేదు.

ఇంత మెచ్చుకున్నా ఒక మాట చెప్పాలి. పొట్టంగి దగ్గర డిసెంబరు మంచులో ఈ కిట్టు చేసే మేలేమీ లేదు. బ్రైట్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టే ఉంటుంది, డిమ్ములోనే మెల్లగా పోవాలి. ఊళ్లో వీధి దీపాల కిందే తిరిగేవాళ్లకు దీని అవసరం నాకు కనిపించదు. కొత్త కార్లలో కంపెనీ రిలే ముందే ఉండొచ్చు, కాబట్టి మీటర్ పెట్టి చూసి, బల్బు దగ్గర వోల్టేజీ బాగా పడిపోతుంటేనే ఖర్చు పెట్టండి. వారంటీ ఉన్న బండైతే నేను ముట్టుకోను. నాది పాత కారు, రాత్రి ఘాటీ తప్పదు, నమ్మకమైన మనిషి దొరికాడు.

ఇప్పుడు నెలకోసారి లైట్లు అరగంట వెలిగించి, రెండు హోల్డర్ల మీదా వేలు పెట్టి చూస్తాను. పోయిన నెల బ్రైట్‌ది కాస్త గోరువెచ్చగా తగిలింది. ఈసారి విజయనగరం వెళ్లినప్పుడు దాన్ని మార్పిస్తాను.