హై-లో గేజ్: ఏళ్లు వాడాక నా మాట

పైపింగ్ ప్రాజెక్టులో రిజెక్షన్ (పరీక్షలో ఫెయిలయ్యే వెల్డు జాయింట్లు) పెరిగిందంటే వేటు ముందు వెల్డర్ మీదే. రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి పరీక్ష) ఫిల్ములో ఎల్‌పీ (వెల్డు అడుగుదాకా కరిగి అతక్కపోవడం) కనిపించగానే "వాణ్ణి ఆపేయండి" అంటారు. ఆ జాయింట్‌కి ఫిట్-అప్ (వెల్డింగుకి ముందు పైపులు ఎదురెదురుగా సర్దడం) ఎవరు చూశారో, అసలు చూశారో లేదో అడిగేవాడుండడు. అందుకే ఏళ్లుగా నా జేబులో తిరుగుతున్న ఈ స్టీలు గేజ్ గురించి రాస్తున్నా; రెండు పైపుల లోపలి అంచుల ఎత్తు తేడా (హై-లో) కొలిచేది ఇదే.

వాడటం సులువు. రూట్ గ్యాప్‌లోకి (రెండు పైపుల మధ్య వదిలే సందు) గేజ్ కాళ్లు రెండూ దూర్చి, పావు చుట్టు తిప్పి, కొక్కేలు రెండు వైపులా లోపలి గోడకు ఆనేదాకా లాగి మర బిగించాలి. తిరిగి తిప్పి బయటికి తీస్తే లోపలి తేడా స్కేలు మీదుంటుంది. మా డబ్ల్యూపీఎస్‌లో (వెల్డింగ్ ఎలా చేయాలో చెప్పే పత్రం) హద్దు 1.5 మి.మీ.

ఫిట్టర్ చేత్తో తడిమి "లెవెల్ సార్" అంటాడు. బయట లెవెలే మరి! సీమ్‌లెస్ పైపు మందం 12.5 శాతం తగ్గినా స్పెసిఫికేషన్ ఒప్పుకుంటుంది. 8 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి) పైపు 8.18 మి.మీ. ఉండాల్సింది 7.2 కూడా ఉండొచ్చు. ఎదురుగా దళసరి ఎల్బో (వంపు ముక్క), దానికి కాస్త ఓవాలిటీ (గుండ్రం తప్పడం) తోడైతే లోపల మెట్టు తయారు. ఆ మెట్టు అంచు కరక్కుండా మిగిలితే ఫిల్ములో రూట్‌కి ఒక పక్కన తిన్నగా నల్ల గీత. ఆర్గాన్ (టిగ్ వెల్డింగ్) చేసేవాడు ఎంత మొనగాడైనా అంతే. పైపు కాస్త తిప్పి చూసినా, మందం హద్దు దాటకుండా లోపల గ్రైండ్ చేసి స్లోపు ఇచ్చినా పోయేది.

టాక్ (పైపుల్ని పట్టి ఉంచే చిన్న వెల్డులు) వేశాక గడియారం లెక్కన 12, 3, 6, 9 గంటల దగ్గర కొలవాలి. గ్యాప్ ముడుచుకుపోయి కాళ్లు దూరకపోతే ఆ జాయింట్ విప్పించాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. గ్రైండింగ్ దుమ్ముకి మర చుట్లు అరుగుతాయి. కాలు వంగితే రీడింగు నమ్మలేం. చవక రకాల్లో గీతలు చెక్కరు, అచ్చు వేస్తారు, తుడిచేకొద్దీ పోతాయి. పోరోసిటీకి (వెల్డులో గాలి బుడగలు) ఇది మందు కాదు. విశాఖ సముద్రపు గాలికి అడ్డం కట్టకుండా ఆర్గాన్ చేస్తే, 7018 రాడ్ల (తేమ తగలకూడని వెల్డింగ్ రాడ్లు) ఫ్లాస్కు మూత తీసి వదిలేస్తే గేజ్ ఏం చేస్తుంది?

రిజెక్షన్ శాతాల పేచీ వేరే ఉంది. 8 అంగుళాల జాయింట్లు 20 షూట్ చేస్తే (ఫిల్ము తీస్తే) 2 పోయాయనుకోండి, జాయింట్ లెక్కన 10 శాతం. ఒక్కోదాంట్లో లోపం 25 మి.మీ. అయితే పొడవు లెక్కన 0.4 కూడా రాదు. క్లయింటు మొదటిది పట్టుకుంటాడు, కాంట్రాక్టర్ రెండోది చెబుతాడు. నేను వెల్డర్ వారీగా, లోపం వారీగా రాసి పక్కన హై-లో రీడింగు, ఫిట్టర్ గ్యాంగు వేస్తా. వెల్డర్లు మారినా గ్యాంగు మారకపోతే సంగతి అక్కడే తేలిపోతుంది.

కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో వచ్చేదే కొనండి. లేకపోతే క్లయింటు ఇన్‌స్పెక్టర్ మీ రీడింగులన్నీ పక్కన పడేస్తాడు.