వరంగల్ నుంచి హైదరాబాద్‌కు శాన్: డార్క్ ఫైబరా, ఎఫ్‌సీఐపీనా?

2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీలు మునిగినప్పటి నుంచి, డేటా రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలని అందరికీ చెబుతున్నాను. హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. అక్కడిదాకా శాన్‌ను, అంటే సర్వర్లను స్టోరేజీతో కలిపే ప్రత్యేక నెట్‌వర్క్‌ను, తీసుకెళ్లడం ఎలా?

డార్క్ ఫైబర్ (వాడకుండా ఉన్నదాన్ని మనం అద్దెకు తీసుకునే ఫైబర్ కేబుల్) మీద డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో వేర్వేరు రంగుల కాంతితో చాలా లింకులు నడిపే పద్ధతి) పెడితే, శాన్ వాడే ఫైబర్ ఛానెల్ ప్రొటోకాల్ ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. కానీ ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది, రానుపోను 1.5 మిల్లీసెకన్లు. ఒక్కో రైట్‌కు (డేటా రాయడానికి) మామూలుగా రెండుసార్లు వెళ్లి రావాలి, అంటే 3 మిల్లీసెకన్లు. కేబుల్ రోడ్డు కంటే చుట్టూ తిరిగితే ఇంకా ఎక్కువ. బఫర్ క్రెడిట్లూ (జవాబు రాకముందే ఎన్ని ఫ్రేములు, అంటే డేటా ముక్కలు, పంపవచ్చనే లెక్క) చూసుకోవాలి: 8 గిగాబిట్ లింకు నిండుగా నడవాలంటే, పెద్ద ఫ్రేములకే దాదాపు 600 కావాలి. తక్కువైతే పంపే స్విచ్ ఆగి ఎదురుచూస్తుంది. అంత డబ్బు కట్టిన ఫైబర్ ఖాళీగా ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎఫ్‌సీఐపీ అవే ఫ్రేములను ఐపీలో (ఇంటర్నెట్ వాడే ప్యాకెట్లలో) చుట్టి మామూలు లీజు లైన్‌లో పంపుతుంది. ఖర్చు తక్కువ. ప్యాకెట్ పోతే, డేటా చేరిందో లేదో చూసుకునే టీసీపీ మళ్లీ పంపుతుంది, ఆలస్యం మాత్రం తప్పదు. అందుకే ఇది అసింక్రనస్ రెప్లికేషన్‌కు (ముందు ఇక్కడ రాసేసి, కాపీని తర్వాత పంపడానికి) నప్పుతుంది. ప్రమాదం జరిగితే చివరి కొద్దిపాటి డేటా పోవచ్చు.

కాలేజీ, ఆఫీసు రికార్డులకు నేను ఎఫ్‌సీఐపీ వైపే. ఒక్క లావాదేవీ కూడా పోకూడదంటే, 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని కరీంనగర్‌కు డార్క్ ఫైబర్ తీసుకొని సింక్రనస్‌గా (రెండు చోట్లా రాశాకే పని అయినట్టు లెక్క) రాయమంటాను.