లేక్ పావెల్‌లో బాస్ వేట: ఏప్రిల్‌లోనా, అక్టోబరులోనా?

ఫీనిక్స్ నుంచి, యూటా-అరిజోనా సరిహద్దులోని లేక్ పావెల్ సరస్సు పక్కనున్న పేజ్ ఊరికి కారులో నాలుగున్నర గంటలు. బాస్ చేపల కోసం అంత దూరం వెళ్లేది ఏ నెలలో అన్నదే అసలు ప్రశ్న.

చేప: ఏప్రిల్ చివర్లో, మేలో స్మాల్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు రాళ్ల దగ్గరికి వస్తుంది. అక్టోబరులో చిన్న షాడ్ చేపల వెంట తిరుగుతుంది, వెతుక్కోవాలి.

శ్రమ: ఈ సరస్సులో కొండగోడ నీళ్లలోకి నిలువునా దిగిపోతుంది. పడవకు రెండు గజాల అవతలే అడుగు అందని లోతు. అందుకే గోడకు ఆనించి ఎర వేసి, మెట్టు మెట్టుగా జారనివ్వాలి. ఎర మెట్టు మీద ఆగినప్పుడు దారం ఎలాగూ వదులవుతుంది; అది ఉలిక్కిపడినా, పక్కకు కదిలినా చేప ఎర పట్టినట్టే, వెంటనే లాగాలి. వసంతంలో ఈ పని పది, పదిహేను అడుగుల్లోనే అవుతుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు.

రిస్క్: ఏప్రిల్‌లో మధ్యాహ్నం గాలి లేస్తే నిజంగా టెన్షనే. నీళ్లు చల్లన, గోడల మధ్య అలలు తిరిగి కొడతాయి. లైఫ్‌జాకెట్ విప్పొద్దు. అక్టోబరులో గాలి తక్కువ, నీళ్లలో వేసవి వెచ్చదనం ఇంకా ఉంటుంది.

ఖర్చు: పెద్ద తేడా లేదు. యూటా, అరిజోనా లైసెన్సుల్లో ఏదో ఒకటి చాలు. సొంత పడవైతే ఏ నెలలోనైనా క్వాగా మసెల్స్ (పడవలకు అంటుకునే చిన్న ఆల్చిప్పలు) వేరే సరస్సులకు పాకకుండా, బయటికి తీశాక నీళ్లు తీసేసి, కడిగి, ఆరబెట్టాల్సిందే.

గాలం కొత్తగా పట్టేవాళ్లు ఏప్రిల్ చివర్లో వెళ్లి, ఉదయమే వేట ముగించండి. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే అక్టోబరే. నేనైతే మా అమ్మానాన్నలను అక్టోబరులోనే తీసుకెళ్తాను.