రోజూ నడపడానికి పాత మజ్దా ఎంఎక్స్-5: మూడేళ్ల తర్వాత నా మాట
మజ్దా ఎంఎక్స్-5 అంటే పైకప్పు (టాప్) వెనక్కి మడిచేసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అందులో రెండో జనరేషన్‌ది, అదే 1998 నుంచి 2005 దాకా వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లుగా రోజూ ఆఫీసుకి అదే వేసుకెళ్తున్నా, నాకిది ప్రాణం. బరువు 1,050 కిలోల చుట్టుపక్కలే, వెనక చక్రాల డ్రైవ్, గేరు అలా మణికట్టు కదిపితే చాలు టక్కున పడిపోద్ది.

కానీ కొనేముందు మీటర్ రీడింగ్ కన్నా సర్వీస్ బిల్లులు చూడండి. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే రబ్బరు పట్టీ) మార్చినట్టు కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క, వెంటనే వేయించేయండి. నా కారుకి పాత ఓనర్ టాప్ వెనకాల ఉండే డ్రెయిన్ రంధ్రాలు ఎప్పుడూ శుభ్రం చేయలేదు, ఆకులు కుళ్లి నీళ్లు లోపలే నిలిచి డోర్ కింద ఉండే బాడీ అంచంతా తుప్పు పట్టేసింది, స్క్రూడ్రైవర్ పిడితో తడితే మెత్తగా డబ్బుమంది, ఆ ముక్క కోసేసి వెల్డింగ్ చేయించాల్సొచ్చింది. టైర్లు కూడా అంతే, అరగలేదు కదా అని మురిసిపోకండి, టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు చూడండి, 1412 అంటే 2012లో 14వ వారం తయారైంది, అంత పాతవి తీసేయాల్సిందే.

డిక్కీ చిన్నది, ఇద్దరికే చోటు, హైవే మీద గాలి హోరు ఎక్కువే. అయినా పొద్దున్నే టాప్ దించి బయల్దేరితే ఇవేవీ గుర్తురావు, ఇంకో పదేళ్లు దీన్నే నడుపుతా.